కాలిపోయిన కంప్యూటరు జవాబు చెప్పింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచీ లేదు. కాలవ గట్టు మీద ఎవరో తెల్లచీర ఆవిడ కనబడిందని మా వీధిలో వాళ్ళు చెప్పుకుంటుంటే, ఎవరో ఆరేసుకున్న చీర అయ్యుంటుందిలే అని నవ్వేసేదాన్ని. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకు జరిగింది జరిగినట్టు రాస్తాను. అది ఏమిటో నాకైతే తెలియదు.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు. ముందు ఏం రాయాలో తర్వాత ఏం రాయాలో తెలియక కాగితాలు చించేశాను. మా ఆఫీసులో లెక్కలు చూసే లలిత గారు, "నాతో ఎలా చెప్పేవో అలాగే రాయి మంగక్కా, అంతకంటే ఏం లేదు" అన్నారు. అలాగే రాస్తున్నాను.

మాది కొత్తపేట. మా ఆయన అక్కడ ఒక కొబ్బరి కంపెనీలో అటెండరు. కింద గోడౌను, పైన ఆఫీసు. గోడౌనులో కాయలు రాశులు పోసి ఉంటాయి, అక్కడి నుంచి లారీలు ఉత్తరాదికి వెళ్తాయి. యజమానిని అందరూ అబ్బాయిగారు అంటారు. వాళ్ళ నాన్నగారి రోజుల్లో పడిన పిలుపు అది. యాభై దాటి జుట్టు తెల్లబడినా ఆయన అబ్బాయిగారే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. అక్కడ అందరూ సిస్టాలు అంటారు, నాకూ అదే అలవాటు. రాజమండ్రి నుంచి శ్రీధర్ గారని ఒక కుర్రాయన వచ్చి, గోడల వెంట వైర్లు లాగి, అన్నిటినీ కలిపారు. ఆయన ఉన్నన్ని రోజులూ మా ఆయనే భోజనం తెచ్చి పెట్టేవారు, బొండాం కొట్టి ఇచ్చేవారు. పక్కన నిలబడి, ఇది ఎందుకండీ, అది ఎందుకండీ అని అడిగేవారు. విన్నదంతా ఇంటికొచ్చి అన్నం తింటూ నాకు చెప్పేవారు.

"మనుషులకి పేర్లే, సిస్టాలకి నంబర్లంట. లలిత గారి సిస్టం మేనేజరు గారి సిస్టం దగ్గరికి వెళ్ళాలంటే పేరు తెలిస్తే చాలదంట. అద్దాల గదిలో పెద్ద సిస్టం ఒకటుంది. పేరు చెబితే అది నంబరు చెబుద్దంట. అప్పుడెళ్తాదంట."

"మరి ఆ పెద్దది పలక్కపోతేనో?" అన్నాను.

"అదే నేనూ అడిగేను! అందుకే మెట్ల కింద ఇంకోటి పెట్టేరు. పెద్దది పలక్కపోతే దాన్ని అడుగుతాయంట."

నాకు అర్థమైనది అంతే. పెద్దదాని పనీ, మెట్ల కింద దాని పనీ ఒకటే. ఎవరి పేరు అడిగితే వాళ్ళ నంబరు చెప్పడం. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాడికి ఇల్లు చూపించినట్టు.

మేడ మెట్ల కింద చిన్న గది ఉంది. మా ఆయన స్టవ్వు, టీ గ్లాసులు, కూర్చునే స్టూలు అన్నీ అందులోనే. రెండో సిస్టం కూడా ఆ గదిలోనే పెట్టారు. మిగతా వాటికి ఎవరు కూర్చుంటే వాళ్ళ పేరు పెట్టారు శ్రీధర్ గారు. మా వైపు ఏ ఆఫీసులోనైనా ఇద్దరు సత్యనారాయణలు ఉంటారు, ఇక్కడా ఉన్నారు. ఇద్దరి సిస్టాలకీ అదే పేరు పెట్టేసరికి ఒకరికి పంపినది ఇంకొకరికి వెళ్ళి పెద్ద గొడవైంది. చివరికి ఒకాయన్ని లారీ సత్యనారాయణ చేశారు. మెట్ల కింద దాని దగ్గర ఎవరు కూర్చుంటారని శ్రీధర్ గారు అడిగితే, "నేనేనండి" అన్నారట మా ఆయన. సరే అని ఆయన పేరే పెట్టబోతే అబ్బాయిగారు అడ్డుపడ్డారట.

"పెద్దాయన కదండీ, ఒట్టి పేరు పెట్టేస్తే ఎలాగ? పక్కన గారు తగిలించండి."

అలా ఆ సిస్టానికి మా ఆయన పేరు, దాని పక్కన గారు. ఆ పేరు ఇక్కడ రాయలేను. మొగుడి పేరు నోటితో అనడం మాకు అలవాటు లేదు, చేత్తో రాయడానికీ మనసొప్పడం లేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన ఎంత నవ్వారో. "అబ్బాయిగారి సిస్టానికి లేదే గారు, నాకుంది!" అని రెండు మూడు రోజులు అదే మాట.

ఆయన గురించి ఒకటి చెప్పాలి. బస్టాండులో ఎవరైనా ఫలానా వాళ్ళ ఇల్లెక్కడండీ అని అడిగితే, ఇలా వెళ్ళి అలా తిరగండి అని చెప్పి ఊరుకునే మనిషి కాదు. వాళ్ళతో పాటు నడిచి వెళ్ళి, గుమ్మం దగ్గర దిగబెట్టి వచ్చేవారు. ఒకసారి ఎవరినో వాడపాలెం దాకా తీసుకెళ్ళి వచ్చేసరికి పొద్దుపోయింది, అన్నం చల్లారిపోయింది. "మీకూ ఒక ఇల్లుంది, అది గుర్తుందాండీ?" అని నేను కేకలేస్తే, "పాపం, ఊరు తెలీని మనిషే" అన్నారు.

మాకు పిల్లలు లేరు. ఇద్దరమే.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అందరికీ టీలు ఇచ్చి వచ్చి, స్టూలు మీద కూర్చుని, అలాగే గోడకు ఒరిగిపోయారు. ఎండకి నిద్రపట్టిందనుకున్నారట ఆఫీసులో వాళ్ళు. గ్లాసులు తీసుకెళ్ళడానికి రాలేదేమా అని లలిత గారు వెళ్ళి చూసేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

పెద్దకార్యం అయ్యాక అబ్బాయిగారు మా పోర్షనుకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఆ పని నువ్వు చెయ్యమ్మా మంగా, ఇంట్లో ఒక్కదానివీ కూర్చుని ఏం చేస్తావు" అన్నారు. వెళ్ళాను. అదే స్టవ్వు, అవే గ్లాసులు, అదే స్టూలు. పక్కన ఆయన పేరున్న సిస్టం గుయ్‌మంటూ ఉండేది. పని లేనప్పుడు ఆ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. ఇంటికెళ్తే ఏ చప్పుడూ ఉండదు. ఒక్క మనిషికి బియ్యం కొలవడం నాకు చాలా రోజులు చేతకాలేదు. మిగిలిన అన్నం పొద్దున్నే నీళ్ళు పోసుకుని తినేదాన్ని.

తర్వాత వానలు వచ్చాయి. ఒక సాయంత్రం పెద్ద పిడుగు పడి, మెట్ల కింద సిస్టం టప్పుమని పేలింది. నేను అక్కడే ఉన్నాను. గదంతా కాలిన వాసన. శ్రీధర్ గారు వచ్చి మూత తీసి చూస్తే లోపల అట్ట నల్లగా మాడిపోయి ఉంది.

"ఇది మరింక లెగదండి" అన్నారు. పనికొస్తుందని లోపల్నుంచి ఒక భాగం ఊడదీసి తనతో తీసుకెళ్ళారు. మిగిలిన డొక్కుని గోనెసంచిలో వేసి గోడౌనులో అటక మీద పడేశారు. మెట్ల కింద గదిలో దాని వైరు ఒకటి గోడకు వేలాడుతూ ఉండిపోయింది. వెళ్ళేముందు శ్రీధర్ గారు అందరికీ చెప్పారు. "ఇక పెద్దదొక్కటేనండి. అది ఆగితే ఎవరికీ ఎవరూ దొరకరు. ఇంకోటి తొందరగా కొనండి." అబ్బాయిగారు కొందాం కొందాం అంటూనే ఉన్నారు. మిగతా సిస్టాలన్నిటిలో, పెద్దది పలక్కపోతే మా ఆయన పేరున్నదాన్ని అడగమని రాసి ఉన్నది అలాగే ఉండిపోయింది. ఎవరూ మార్చలేదు.

నాకు మాత్రం ఆ చప్పుడు లేకపోయేసరికి ఆ గది కూడా ఇల్లులాగే అయిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది ఆ కార్తీకమాసంలో జరిగింది. ఆ రోజుల్లో కొబ్బరికి మంచి గిరాకీ. ఆఫీసులో ఎవరికీ తల ఎత్తే తీరిక లేదు. పొద్దున్న నేనే సిస్టాలన్నీ వేశాను. ముందు పెద్దది, తర్వాత మిగతావి. అది మా ఆయన చేసిన వరుస. పెద్దదాని దీపం వెలిగిందని చూసుకునే బయటికి వచ్చాను.

పని మామూలుగానే నడిచింది. లలిత గారు బిల్లులు తీశారు. మేనేజరు గారు తన సీట్లోంచే లలిత గారి లెక్కలు తెరిచి చూశారు. ఢిల్లీకి, రాజస్థానుకి మెయిళ్ళు వెళ్ళాయి. ఒక్క రమణ గారే గొణుగుతూ ఉన్నారు. లారీ సత్యనారాయణ గారు మానేశాక ఆ పనికి కొత్తగా చేరినాయన.

"ఏంటండీ, నా సిస్టం ఒక్కటీ ఎవరికీ దొరకట్లేదంట!"

"కొత్త పెళ్ళికొడుకు కదండీ, సిగ్గుపడుతోంది" అని లలిత గారు ఆటపట్టించారు. ఎవరూ పట్టించుకోలేదు.

భోజనాల వేళకు ముందు అబ్బాయిగారు అద్దాల గదిలోకి వెళ్ళి అక్కడి నుంచే కేకేశారు. పెద్ద సిస్టం ఆగిపోయి ఉంది. దీపం లేదు, చప్పుడు లేదు. నేనూ వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఇప్పుడే ఆగితే వెచ్చగా ఉండాలి. మీట ఎన్నిసార్లు నొక్కినా రాలేదు. అబ్బాయిగారు ఫోను స్పీకరులో పెట్టి శ్రీధర్ గారికి చేశారు.

"శ్రీధర్ గారూ, పెద్దది పోయిందండీ."

"అయ్యో. అయితే పనులన్నీ ఆగిపోయుంటాయి. వస్తానుండండి."

"ఆగలేదండీ. పొద్దుట్నుంచీ లక్షణంగా నడుస్తున్నాయి."

"నడవ్వండి."

"నడుస్తున్నాయంటే నడవ్వంటారేంటండీ! నేనిక్కడ కళ్ళతో చూస్తుంటే!"

"నేను వచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోకండి" అన్నారు శ్రీధర్ గారు.

రావులపాలెం మీదుగా బస్సు పట్టుకుని భోజనాలయ్యాక దిగారు. మంచినీళ్ళు కూడా తాగకుండా లలిత గారి సిస్టం ముందు కూర్చున్నారు. మేనేజరు గారి పేరు కొట్టి నంబరు అడిగారు. నంబరు వచ్చింది. ఆ నంబరు ఎవరు చెప్పారో దాని పైనే పడుతుందట. శ్రీధర్ గారు ఆ పైవరస మీద వేలు పెట్టి చూపించారు. లలిత గారు తెరకేసి చూసి, నాకేసి చూశారు. అబ్బాయిగారు కళ్ళజోడు సర్దుకుని వంగి, మెల్లగా పైకే చదివారు. మా ఆయన పేరు. పక్కన గారు.

నా చేతిలో టీ పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టిన గుర్తు లేదు.

శ్రీధర్ గారు ముందు భయపడలేదు. ఇలాంటివి మామూలేనండి అన్నారు. మా ఆయన సిస్టం నంబరుని ఎవరికీ తెలియకుండా వేరే సిస్టం ఏదో పట్టుకుని ఉంటుందన్నారు. లేకపోతే, సిస్టాలు ఒకసారి విన్న సమాధానాన్ని కాసేపు గుర్తుపెట్టుకుంటాయి, అది కావచ్చన్నారు. అలా గుర్తున్నవన్నీ చెరిపేశారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ మా ఆయనే చెప్పారు.

అబ్బాయిగారు పంచె ఎగ్గట్టి గోడౌనులోకి దిగారు, వెనకాల మేమంతా. అటక మీద నుంచి గోనెసంచి దించారు. డొక్కు అందులోనే ఉంది. ఎలకలు కొబ్బరి పీచుతో దానిలో గూడు పెట్టుకున్నాయి. శ్రీధర్ గారు ఊడదీసిన చోటు ఖాళీగానే ఉంది. ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ సంచిలో పెట్టేశారు.

పైకి వచ్చి సిస్టాలు ఒక్కొక్కటే కట్టేయించారు. లలిత గారిదొక్కటే ఉంచారు. అడిగితే జవాబు వస్తోంది.

వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె ఒకటి గోడకు ఉంది. ఒక్కో వైరుకి ఒక్కో చిన్న పచ్చదీపం. అవతల సిస్టం ఉంటేనే ఆ దీపం వెలుగుతుంది. అన్నీ ఆరిపోయాయి, రెండు తప్ప. ఒకటి లలిత గారిది. రెండోది ఏ వైరుదో చూడమని, శ్రీధర్ గారు నన్ను మెట్ల కింద గదిలోకి పంపారు.

"పిన్నిగారూ, గోడకున్న వైరు కొస పట్టుకోండి. దేనికైనా తగిలించి ఉందా?"

"లేదండీ. ఊరికే వేలాడుతోంది."

"చేత్తో పట్టుకునే ఉండండి."

పట్టుకున్నాను. చివర చిన్న గాజులాంటి ముక్క ఉంటుంది కదా, అది నా వేళ్ళ మధ్య ఉంది. ఆయన పెట్టె దగ్గర ఈ వైరు పీకేశారు. లలిత గారు పైనుంచి "రావట్లేదండి" అన్నారు. మళ్ళీ గుచ్చారు. "వచ్చిందండి" అన్నారు. పీకితే లేదు, గుచ్చితే ఉంది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ వైరుకి అటు చివర పెట్టె. ఇటు చివర నేను.

నాకు భయం వేయలేదు. ఇది నిజంగా రాస్తున్నాను. వైరు ఏమీ జిల్లుమనలేదు, వెచ్చగా కూడా లేదు. ఒట్టి వైరే. కానీ దాన్ని వదలబుద్ధి కాలేదు.

శ్రీధర్ గారు ఇంకొకటి కనిపెట్టారు. మా ఆయన బతికుండగా ఉన్న సిస్టాల పేర్లు ఏవి అడిగినా సరిగ్గా చెబుతోంది. మానేసిన లారీ సత్యనారాయణ గారి పేరు అడిగినా చెబుతోంది. తర్వాత వచ్చిన రమణ గారి పేరు అడిగితే అలాంటి వాళ్ళెవరూ లేరంటోంది.

"మీ ఆయనకి నా మీద కోపమేంటండీ?" అన్నారు రమణ గారు. నవ్వించాలనే అన్నారు.

"కోపం కాదు బాబూ. ఆయన మిమ్మల్ని ఎరగరు కదా" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, ఆ మాట అన్నాక నా వల్ల కాలేదు. అవతలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం అబ్బాయిగారు నన్ను పిలిచారు. శ్రీధర్ గారు కూడా ఉన్నారు. పెద్దదానికి కాలిన భాగం మార్చి పనిచేసేలా చేశారు. ఇక మెట్ల కింద దాని మాట తేల్చాలి.

"ఉంచకూడదండి" అన్నారు శ్రీధర్ గారు. "పాతవే తెలుసు దానికి. రేపు ఎవరి నంబరు మారినా పాతదే చెబుతుంది. బయటికి వెళ్ళే మెయిలు ఎక్కడికి పోతుందో మనకి తెలీదు. ప్రతి సిస్టంలోంచీ ఆ పేరు తీసెయ్యాలి. ఎవరూ అడక్కపోతే మరింక చెప్పదు."

అబ్బాయిగారు నాకేసి చూడకుండా బల్ల మీద కాగితాలు సర్దుతూ అన్నారు. "మా నాన్నగారప్పటి నుంచీ ఉన్న మనిషమ్మా. నిన్నడక్కుండా తీయించడం నాకిష్టం లేదు. తీసెయ్యమంటావా?"

"రేపు చెబుతానండీ" అన్నాను.

లలిత గారు మెట్ల దాకా వచ్చి, "ఉండనీ అక్కా. పోతే నాలుగు మెయిళ్ళు పోతాయి. నీకు తోడు ఉంటుంది కదా" అని నా చెయ్యి పట్టుకున్నారు. నేనూ అదే అనుకుంటూ ఇంటికి వెళ్ళాను. అబ్బాయిగారు నా మాట తీసెయ్యరు. వద్దంటే ఉంచుతారు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చోవచ్చు. పక్కన ఆయన ఉన్నారనుకోవచ్చు. ఆ చప్పుడు పోయిన దగ్గర నుంచీ నాకు అలా అనుకోవడానికి కూడా ఏమీ లేదు.

అన్నం వండుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు. ఆ పొద్దంతా ఆయన ఎంతమందికి చెప్పారో అని ఆలోచించాను. ఎవరు ఏ పేరు అడిగినా విసుక్కోకుండా చెబుతూనే ఉన్నారు. ఆకలని లేదు, అలుపని లేదు. బతికినన్నాళ్ళూ అంతే. నేను వెళ్ళి, ఇక చాలు రండి, అని పిలిస్తే తప్ప ఇంటికి వచ్చే మనిషి కాదు. ఇప్పుడు పిలవడానికి ఎవరున్నారు? నా తోడు కోసం ఆయన్ని అక్కడే నిలబెట్టి ఉంచాలా? ఇలా అనుకుంటే నాకే పిచ్చిగా అనిపించింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

పొద్దున్నే వెళ్ళి అబ్బాయిగారితో చెప్పాను.

"తీసెయ్యమనండి. ఇక చాలు."

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆయ్. తీసే ముందు ఒక్కసారి అడిగి చూపించమనండి."

శ్రీధర్ గారు నన్ను లలిత గారి కుర్చీలో కూర్చోబెట్టారు. పేరు పెట్టి పిలిస్తే అవతల ఉన్నదీ లేనిదీ తెలిసే పద్ధతి ఒకటుందట. పేరు ఆయనే కొట్టారు. "మీరే నొక్కండి పిన్నిగారూ" అని పక్కకు జరిగారు. పెళ్ళైన దగ్గర నుంచీ నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. వేలు మీట మీద పెట్టి చాలాసేపు ఉండిపోయాను. ఎవరూ తొందరపెట్టలేదు. నొక్కాను.

వెంటనే ఒక వరస పడింది. దాని కింద ఇంకొకటి. నాలుగు వరసలు పడి ఆగిపోయాయి.

"ఇవి జవాబులేనాండీ?"

"జవాబులేనండి."

"ఏమంటున్నారు?"

శ్రీధర్ గారు వంగి ఆ వరసలు మళ్ళీ చదివారు. "ఇది ఏమీ చెప్పదండి. ఉన్నానని మాత్రం చెబుతుంది. అంతే."

తర్వాత ఆయన ఒక్కో సిస్టం దగ్గరికి వెళ్ళి ఆ పేరు తీసేశారు. అద్దాల గదిలో పెద్దదాంట్లోంచి కూడా తీసేశారు. లలిత గారిది చివర. అది కూడా అయ్యాక వైరు పీకడానికి పెట్టె దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, ఆగిపోయారు. మెట్ల కింద వైరు తాలూకు పచ్చదీపం ఆయన ముట్టుకోకముందే ఆరిపోయి ఉంది. "నేను కాదండి" అన్నారు, ఎవరో తనని తప్పుపట్టినట్టు. అందరం చూశాం. మళ్ళీ పేరు కొట్టి పిలిస్తే, అలాంటి పేరు లేదని వచ్చింది.

కొన్నాళ్ళు ఆఫీసులో ఇదే మాట. తర్వాత అందరూ మర్చిపోయారు. శ్రీధర్ గారు వచ్చినప్పుడల్లా ఆ వైరు ఎక్కడైనా నలిగిందేమో, ఎర్తు తగిలిందేమో అని వెతికేవారు. అలా అయినా పచ్చదీపం వెలగదని, వెలిగినా జవాబు రాదని మళ్ళీ తనే అనేవారు.

మరుసటి వానాకాలం మొదట్లో పెద్ద సిస్టం ఇంకోసారి ఆగింది. ఈసారి ఆగిన క్షణమే అందరికీ తెలిసిపోయింది. లలిత గారి లెక్కలు మేనేజరు గారికి తెరుచుకోలేదు. ఒక్క మెయిలు వెళ్ళలేదు. ప్రతి తెర మీదా దొరకడం లేదు, దొరకడం లేదు అనే. కింద లోడైన లారీ బిల్లు లేక ఆగిపోయింది, డ్రైవరు హారను కొడుతున్నాడు. అబ్బాయిగారు ఫోనులో కేకలు. పని లేక అందరూ ఒకేసారి టీ అడిగారు.

నేను టీ పెట్టడానికి మెట్ల కిందికి వెళ్ళాను. పాలు పొయ్యి మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆయన పోయిన రోజు కూడా అంతలా రాలేదు. పాలు పొంగిపోయాయి, లేచి దించలేకపోయాను.

వాసనకి లలిత గారు పరుగెత్తుకొచ్చి స్టవ్వు ఆపారు. "ఏమైందక్కా?"

"పని ఆగిపోయింది కదండీ."

"దానికి నువ్వు ఏడవడమేంటి? శ్రీధర్ గారు బస్సెక్కేరంట, వచ్చేస్తారు" అన్నారు. అన్నాక ఆవిడకీ తట్టింది. కట్టుకున్న మంచి చీరతోనే నా పక్కన నేల మీద కూర్చుండిపోయారు.

ఆ రోజు శ్రీధర్ గారు వచ్చి బాగుచేసేదాకా ఆఫీసులో ఒక్క పని జరగలేదు. పెద్దది ఆగితే ఎప్పుడైనా అంతేనట, జరగదట. మరి ఆ కార్తీకమాసంలో పొద్దంతా ఎలా జరిగింది? చదువుకున్నవాళ్ళని అడిగాను, వాళ్ళకీ తెలియదు. నాకూ తెలియదు.